అయస్కాంతం గది దగ్గర: ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టు వృత్తి చరిత్ర

ఎంఆర్‌ఐ టెక్నాలజిస్టు వృత్తి 1980ల తొలి ఏళ్లలో రూపుదిద్దుకుంది. రోగిని పరీక్షకు సిద్ధం చేయడం, శరీరభాగానికి తగిన కాయిల్ అమర్చడం, ఏ కోణంలో ఎన్ని పొరలుగా బొమ్మలు తీయాలో కన్సోల్ మీద నిర్ణయించడం, వచ్చిన బొమ్మ రేడియాలజిస్టు చదవడానికి పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఇందులోని పనులు. వీటన్నిటికంటే ముందు, గదిలోకి ఎవరు రావచ్చో, ఏ వస్తువు రాకూడదో చూసే బాధ్యత ఉంటుంది. మొదట్లో ఈ వరుస ఇలా లేదు. అప్పుడు యంత్రం చేత పని చేయించుకోవడమే గగనం. తలుపు దగ్గర చూడవలసినదేమిటో ఎవరికీ పూర్తిగా తెలియదు. యంత్రం తన సర్దుబాట్లు తానే చేసుకోవడం నేర్చుకున్నకొద్దీ మనిషి బాధ్యత రోగి వైపుకీ, తలుపు వైపుకీ జరుగుతూ వచ్చింది. ఈ వృత్తి చరిత్ర చాలావరకు ఆ జరుగుబాటే.

దీని మూలం ఎక్స్‌రే గదిలో ఉంది. 1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌రేలను కనుగొన్న కొద్ది నెలలకే ఆసుపత్రులు ఆ గాజు గొట్టాలను తెప్పించుకున్నాయి. వాటిని నడపడం నేర్చినవాళ్లెవరూ లేరు కాబట్టి ఫొటోగ్రాఫర్లు, ఎలక్ట్రీషియన్లు, నర్సులు, ఎవరికి చేతనైతే వాళ్లు నడిపారు. కిరణాలు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోవడానికి చాలామంది తమ చేతినే అడ్డం పెట్టేవారు. ఆ చేతులకు మానని పుళ్లు పడ్డాయి, వేళ్లు తీసేయవలసి వచ్చింది. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ఈ కిరణాల వల్లనే 1904లో చనిపోయాడు. అలా బలైనవారి పేర్లతో 1936లో హాంబర్గ్‌లో ఒక స్మారక శిల నిలిపారు. ఈ అనుభవాల తరువాతే వృత్తికి ఒక కట్టుబాటు వచ్చింది. 1920లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రేడియోగ్రాఫర్ల సంఘాలు పుట్టాయి. పరీక్ష పెట్టి పేర్లు నమోదు చేసే రిజిస్ట్రీ 1922లో అమెరికాలో మొదలైంది. మద్రాసులో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ తెరుచుకుంది; తెలుగు జిల్లాలు కొన్ని అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

ఎక్స్‌రే గది నేర్పిన అలవాటు ఒకటి తరువాతి కథకు చాలా అవసరం. అక్కడ మీట నొక్కినంతసేపే ప్రమాదం. తలుపు మీద ఎర్ర దీపం వెలిగితే లోపలికి వెళ్లకూడదు, ఆరితే వెళ్లవచ్చు. మీట వదిలాక ఆ గది మామూలు గదే. మూడు తరాల రేడియోగ్రాఫర్లు ఈ సూత్రంతోనే పెరిగారు. అయస్కాంతం గదిలో ఇది పనిచేయదని తెలిసిరావడానికి ప్రాణాలే పోవలసి వచ్చింది.

అణుకేంద్రాలు అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలకు స్పందిస్తాయన్న సంగతిని 1938లో ఇసిడోర్ రాబీ అణువుల ధారల్లో కొలిచాడు. ద్రవాల్లోనూ ఘనపదార్థాల్లోనూ దాన్ని 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లోక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ విడివిడిగా చూపించారు. 1952 నోబెల్ వాళ్లిద్దరికీ వచ్చింది. ఆ తరువాత పాతికేళ్లు ఇది రసాయన శాస్త్రవేత్తల పరికరం. వేలెడు గాజు గొట్టంలో నమూనా పోసి, అయస్కాంతం నడుమ పెట్టి, కాగితం మీద గీతలు గీయించుకునేవారు. శరీరంలో సగానికి పైగా నీరేననీ, ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు కూడా ఇలాగే పలుకుతాయనీ అందరికీ తెలుసు. పలికిన చోటేదో పట్టుకునే ఉపాయం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

1971లో న్యూయార్క్‌లోని వైద్యుడు రేమండ్ డమేడియన్ ఎలుకల కణితులు ఆరోగ్యకరమైన కణజాలానికి భిన్నంగా స్పందిస్తాయని ‘సైన్స్’ పత్రికలో రాశాడు. అదే ఏడాది సెప్టెంబరులో రసాయన శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్‌కు ఒక హోటల్లో తింటూ ఉండగా ఉపాయం తట్టింది. క్షేత్రాన్ని ఒకవైపు బలంగా, మరోవైపు బలహీనంగా ఉండేలా వాలుగా అమర్చితే ఒక్కో చోటి హైడ్రోజన్ ఒక్కో పౌనఃపున్యంలో పలుకుతుంది. ఆ పౌనఃపున్యాన్ని బట్టి చోటు తెలుస్తుంది. రెండు సన్నని నీటి గొట్టాల బొమ్మతో ఆయన రాసిన వ్యాసాన్ని ‘నేచర్’ పత్రిక మొదట తిప్పి పంపింది, ఆయన మళ్లీ అడిగాక 1973లో వేసింది. ఇప్పటికీ టెక్నాలజిస్టులు రోజూ వినే ఆ దడదడ చప్పుడు ఈ వాలు క్షేత్రాలను పుట్టించే తీగచుట్టలదే. వాటిని గ్రేడియంట్లంటారు.

మనిషిని మొదటిసారి పరీక్షించిన తీరు కొంత వివరంగా చెప్పుకోదగ్గది, ఎందుకంటే టెక్నాలజిస్టు పనులన్నీ అప్పటికే అక్కడ ఉన్నాయి, టెక్నాలజిస్టు తప్ప. డమేడియన్, ఆయన విద్యార్థులు లారీ మింకాఫ్, మైకేల్ గోల్డ్‌స్మిత్ బ్రుక్లిన్‌లోని వైద్య కళాశాలలో ‘ఇండామిటబుల్’ అనే యంత్రాన్ని సొంత చేతులతో కట్టారు. అతివాహక అయస్కాంతపు తీగను కూడా వాళ్లే చుట్టుకున్నారు. శరీరం నుంచి వచ్చే సంకేతాన్ని పట్టే కాయిల్‌ను గోల్డ్‌స్మిత్ అట్టతోనూ రాగి పట్టీతోనూ చేసి ఛాతీకి చుట్టాడు. 1977 వసంతంలో మొదట డమేడియనే లోపల కూర్చున్నాడు. సంకేతమే రాలేదు. ఆయన లావు వల్ల కాయిల్ సరిగా పనిచేయడం లేదని అనుకున్నారు. సన్నగా ఉన్న మింకాఫ్ కూర్చుంటే రావచ్చు; కానీ ఆయన కొన్ని వారాలు ఆగి, డమేడియన్‌కు ఏ హానీ జరగలేదని చూసుకున్నాక గానీ ఒప్పుకోలేదు. జూలై 3న ఆయన కూర్చున్నాడు. ఒక్కో బిందువుకు సంకేతం తీసుకుని, మనిషిని కొంచెం జరిపి, మళ్లీ తీసుకుంటూ పోతే ఛాతీలో ఒకే ఒక్క అడ్డుకోత బొమ్మకు 4 గంటల 45 నిమిషాలు పట్టింది. రోగిని కూర్చోబెట్టడం, కాయిల్ చుట్టడం, కదలకుండా ఉండమనడం, భయం తీర్చడం, హాని జరగలేదని చూసుకోవడం అన్నీ అక్కడ జరిగాయి. చేసినవాళ్లు ముగ్గురూ పరిశోధకులే.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ కూడా 1978లో తన శరీరాన్నే మొదట యంత్రానికి అప్పగించాడు. వేగంగా మారే క్షేత్రం గుండె లయను చెడగొట్టవచ్చునని హెచ్చరిక వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఒకే ఉద్దీపనతో బొమ్మంతా తీసే ఎకో ప్లానర్ పద్ధతిని ఆయన 1977లోనే ప్రతిపాదించాడు. దాన్ని మోయగల గ్రేడియంట్లు ఆసుపత్రులకు చేరడానికి మరో పదిహేనేళ్లు పట్టింది. 2003 నోబెల్ బహుమతి లాటర్‌బర్‌కూ మాన్స్‌ఫీల్డ్‌కూ వచ్చింది. తనను వదిలేశారని డమేడియన్ అమెరికన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేయించాడు. ఆ తగవులో ఎవరిది న్యాయమో తేల్చడం ఇక్కడి పని కాదు. వృత్తి చరిత్రకు సంబంధించినంతవరకు అసలు మలుపు ఈ ముగ్గురి దగ్గర కాక స్కాట్లండులో ఉంది.

అబర్డీన్ విశ్వవిద్యాలయంలో జాన్ మలార్డ్ నడిపిన వైద్య భౌతికశాస్త్ర విభాగంలో జిమ్ హచిసన్, బిల్ ఎడెల్‌స్టీన్ తదితరులు 0.04 టెస్లా బలం గల అయస్కాంతంతో ‘మార్క్ 1’ అనే యంత్రం కట్టారు. ఊపిరి తీసినప్పుడల్లా బొమ్మ చెదిరిపోయే ఇబ్బందిని వాళ్లు ‘స్పిన్ వార్ప్’ పద్ధతితో చాలావరకు వదిలించుకున్నారు. నేటికీ మామూలు ఎంఆర్‌ఐ బొమ్మల్లో ఎక్కువ భాగం ఆ పద్ధతి సంతతివే. 1980 ఆగస్టు 28న దగ్గరలోని ఫ్రేజర్‌బర్గ్‌కు చెందిన ఒక క్యాన్సర్ రోగిని అందులో పరీక్షించారు. ఛాతీలోని కణితి, కాలేయంలో మార్పు, ఎముకలకు పాకిన వ్యాధి కనిపించాయి. చికిత్సకు పనికొచ్చిన తొలి శరీర ఎంఆర్‌ఐ ఇదేనని లెక్క. ఆ తరువాత అదే యంత్రం మీద రోగుల వరుస మొదలైంది. పరిశోధకుడు తనను తాను పెట్టుకుని చూసుకునే దశ పోయి, రోజూ కొత్త రోగి వచ్చే దశ వచ్చింది. రోజూ రోగులు వచ్చే చోట రోజూ ఆ పనే చేసే మనిషి కావాలి. ఈ వృత్తికి అక్కర పుట్టింది అక్కడే.

లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో ఈఎంఐ కంపెనీ యంత్రం మీద 1981 నుంచి గ్రేమ్ బిడర్, ఇయాన్ యంగ్ బృందం మెదడు జబ్బులను చూడటం మొదలుపెట్టింది. సీటీ స్కాన్‌లో కనబడని మల్టిపుల్ స్క్లెరోసిస్ మచ్చలు ఇందులో తేటగా కనిపించడంతో నరాల వైద్యులకు నమ్మకం కుదిరింది. ఎడెల్‌స్టీన్, పాల్ బాటమ్లీ అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలకు వెళ్లి, అంత బలమైన క్షేత్రంలో శరీరపు బొమ్మ రాదని చాలామంది అంటున్నా 1.5 టెస్లాలో తీసి చూపించారు. 1984లో అమెరికన్ ఔషధ నియంత్రణ సంస్థ ఎంఆర్‌ఐ యంత్రాల అమ్మకానికి అనుమతులివ్వడం మొదలుపెట్టింది. మొదట్లో దీన్ని ‘న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్’ అనేవారు; ‘న్యూక్లియర్’ అన్న మాటకు జనం భయపడతారని దాన్ని పేరులోంచి తీసేసినది కూడా ఈ రోజుల్లోనే.

ఆసుపత్రుల్లో ఈ యంత్రాల ముందు కూర్చున్నవాళ్లు ఎక్స్‌రే విభాగం నుంచి వచ్చినవాళ్లే. వాళ్లలోనూ సీటీ నడిపినవాళ్లకు కొంత సులువైంది, కన్సోల్ ముందు కూర్చుని అడ్డుకోతల్లో ఆలోచించడం వాళ్లకు అప్పటికే అలవాటు. పాఠ్యపుస్తకాలు లేవు, పరీక్షలు లేవు. యంత్రం అమ్మిన కంపెనీ శిక్షకుడు కొన్ని రోజులుండి నేర్పి వెళ్తే మిగతాది ఎవరికి వాళ్లు నేర్చుకోవలసిందే. ఎక్స్‌రేలో సర్దవలసినవి మూడో నాలుగో: వోల్టేజి, విద్యుత్ ప్రవాహం, సమయం, దూరం. ఇక్కడ డజనుకు పైగా ఉన్నాయి; ఒకటి మార్చితే మరో రెండు కదులుతాయి. పొరను పలచగా చేస్తే వివరం పెరుగుతుంది, సంకేతం తగ్గుతుంది. తగ్గిన సంకేతాన్ని మళ్లీ మళ్లీ తీసి కూడితే బొమ్మ బాగుపడుతుంది, సమయం పెరుగుతుంది. సమయం పెరిగితే రోగి కదులుతాడు, బొమ్మ మొత్తం పాడవుతుంది. వివరం, సంకేతం, సమయం, ఈ మూడింటి మధ్య బేరమాడటమే ఆ తరం టెక్నాలజిస్టుకు వచ్చిన విద్య. అనుభవం ఉన్నవాళ్ల దగ్గర ఈ బేరం నోట్ పుస్తకాల్లో ఉండేది: మోకాలికి ఇవి, వెన్నుకు ఇవి, కుదురులేని రోగికి ఇవి. ఇప్పుడు యంత్రంలో ముందే నింపి వచ్చే ప్రొటోకాల్ పట్టికలకు పూర్వరూపం ఆ పుస్తకాలే అనవచ్చు.

గది కూడా కొత్తదే. బయటి రేడియో తరంగాలు చొరబడకుండా గోడలకూ, పైకప్పుకూ, తలుపుకూ రాగి రేకు తొడిగారు. తలుపు సరిగా మూసుకోకపోతే బొమ్మ మీద చారలు పడతాయి. అతివాహక తీగలు ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర మునిగి ఉంటాయి. అప్పటి యంత్రాల్లో ఆ హీలియం నెమ్మదిగా ఆవిరైపోయేది గనుక మట్టం చూసి రోజూ పుస్తకంలో రాయడం టెక్నాలజిస్టు పొద్దుటి పనుల్లో ఒకటిగా ఉండేది. ఏదైనా తేడా వచ్చి తీగ అతివాహకత పోతే ద్రవం ఒక్కసారిగా ఏడువందల రెట్లకు పైగా వ్యాకోచించి వాయువవుతుంది. అది పైకప్పు మీది గొట్టం గుండా బయటికి పోకుండా గదిలో నిండితే లోపలివాళ్లకు ఊపిరాడదు, లోపలికి తెరుచుకునే తలుపు ఆ ఒత్తిడికి కదలను కూడా కదలదు. దీన్ని క్వెంచ్ అంటారు. ఏళ్ల తరబడి పనిచేసినా ఒక్కటీ చూడనివాళ్లే ఎక్కువ, అయినా దానికి సిద్ధంగా ఉండక తప్పదు.

రోగి అనుభవించేది వేరు. ఇరుకైన గొట్టంలో వెల్లకిలా పడుకోబెట్టి, తల పరీక్షయితే ముఖం మీద కాయిల్ పంజరం బిగించి, పక్కన బోరు బండి వేస్తున్నంత చప్పుడు మధ్య అరగంట, ముప్పావుగంట కదలవద్దంటారు. తొలి యంత్రాల్లో ఇది గంట దాటేది. మధ్యలో బయటికి తీసేయమనేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. చెవులకు దూది ఉండలు, చేతిలో నొక్కితే మోగే రబ్బరు బంతి, తలపైన అద్దం, ఒక్కో వరుసకూ మధ్య మైకులో పలకరింపు, ఇవన్నీ టెక్నాలజిస్టులు పనిలో పనిగా అలవాటు చేసినవి. మత్తు మందు అక్కరలేకుండా పసిపిల్లలకు పాలు పట్టించి, గుడ్డలో చుట్టి, నిద్రపోయాక పరీక్ష చేసే పద్ధతి కూడా అలాగే నిలబడింది. యంత్రం తయారు చేసినవాళ్ల చరిత్రల్లో వీటి ఊసు ఉండదు. ఒక పరీక్ష పూర్తవుతుందా మధ్యలో ఆగిపోతుందా అన్నది మాత్రం చాలాసార్లు వీటి మీదే ఆధారపడింది.

పూర్తయిన బొమ్మల్ని ఫిల్ము మీదికి ఎక్కించడం అప్పట్లో మరో పెద్ద పని. తెర మీది బొమ్మను కెమెరాతో ఫిల్ము మీద పన్నెండో, ఇరవయ్యో గళ్లలో దింపి, చీకటి గదిలో కడిగేవారు. తరువాత లేజర్ ప్రింటర్లు వచ్చాయి. 1993లో డైకామ్ ప్రమాణం వచ్చాక బొమ్మలు ఒక కంపెనీ యంత్రం నుంచి మరో కంపెనీ కంప్యూటర్‌కు వెళ్లగలిగాయి, ఫిల్ము నెమ్మదిగా వెనకబడింది. మన దగ్గర మాత్రం రోగి చేతికి పెద్ద కవరులో ఫిల్ము ఇవ్వడం చాలాకాలం సాగింది, చాలాచోట్ల ఇంకా సాగుతోంది. వేరే డాక్టరుకు చూపించాలంటే రోగికి ఆ కవరే ఆధారం. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ‘డార్క్‌రూమ్ అసిస్టెంట్’ అనే పోస్టు చీకటి గదులు మూతపడ్డాక కూడా కనిపిస్తూనే వచ్చింది.

భారతదేశంలో తొలి ఎంఆర్‌ఐ యంత్రం 1986లో ఢిల్లీలోని రక్షణ పరిశోధన సంస్థ ఇన్మాస్‌లో నెలకొంది. 1991 తరువాత దిగుమతులు సడలడం, కార్పొరేట్ ఆసుపత్రులు, ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లు పెరగడంతో ఈ యంత్రాలు మహానగరాలకూ, ఆపైన హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాలకూ, చివరికి జిల్లా కేంద్రాలకూ చేరాయి. కొన్నాళ్లు వాడిన పాత యంత్రాలను విదేశాల నుంచి తెప్పించి బాగుచేసి పెట్టడం కూడా ఈ విస్తరణలో భాగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేద రోగులను పెద్దాసుపత్రుల గడప ఎక్కించింది, స్కానింగ్ గది బయట బెంచీ మీద కూర్చునేవాళ్లు మారారు. యంత్రం పేరు కూడా ఎన్నడూ వినని రైతుకు, ఎన్నడూ లిఫ్టు ఎక్కని ముసలమ్మకు నాలుగు మాటల్లో ధైర్యం చెప్పి లోపలికి పంపడం పనిలో భాగమైంది. ‘ఊపిరి పీల్చండి, బిగపట్టండి, వదలండి’ అనే మూడు ముక్కలు సమయానికి అందకపోతే పొట్ట పరీక్షలో ఎంత ఖరీదైన యంత్రమైనా ఏమీ చేయలేదు.

ఇక్కడి టెక్నాలజిస్టు తొలి బేరం నగల దగ్గర మొదలవుతుంది. బంగారాన్ని అయస్కాంతం లాగదు. కాని రేడియో తరంగాలకు లోహం వేడెక్కవచ్చు, చుట్టుపక్కల బొమ్మను చెరిపేస్తుంది, పైగా గొలుసుకు వేసిన కొక్కెంలో ఉక్కు ఉండదన్న నమ్మకం లేదు. అందుకని పుస్తెలతాడు, నల్లపూసలు, మెట్టెలు, ముక్కుపుడక, మొలతాడు, తాయెత్తు అన్నీ తీయమంటారు. తాళి తీయడానికి ఇష్టపడనివారు పసుపు కొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని లోపలికి వెళ్తారు. చాలా కేంద్రాల్లో సిబ్బందే ఆ ఉపాయం చెబుతారు. నిజానికి వీటికంటే ప్రమాదకరం చీర కుచ్చెళ్లకో, రవికకో పెట్టుకుని మరిచిపోయిన పిన్నీసు. అది ఉక్కుది. ఎవరూ దాన్ని నగగా లెక్కపెట్టరు గనుక ‘ఒంటి మీద లోహం ఏమైనా ఉందా’ అని అడిగితే లేదనే జవాబు వస్తుంది. పేరుపేరునా అడిగితే తప్ప బయటపడదు.

పేరుపేరునా అడగడం అనే ఈ పద్ధతి ప్రపంచమంతటా ప్రమాదాల తరువాతే గట్టిపడింది. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. అది పరీక్ష జరిగేటప్పుడే కాదు, రాత్రీ పగలూ, సెలవు రోజుల్లో, కరెంటు పోయినప్పుడు కూడా ఉంటుంది. తెర మీద యంత్రం ఆగినట్టు కనిపించినా అయస్కాంతం ఆగదు. ఎక్స్‌రే గది అలవాటు ఇక్కడే ప్రాణాంతకమైంది. 1993లో ప్రచురితమైన ఒక కేసులో, మెదడులోని రక్తనాళపు ఉబ్బుకు పెట్టిన క్లిప్పు అయస్కాంతానికి లాగదనుకుని రోగిని గదిలోకి తీసుకుపోగా అది కదిలి రోగి చనిపోయింది. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో పరీక్షలో ఉన్న ఆరేళ్ల పిల్లవాడికి ఆక్సిజన్ అవసరమై ఎవరో తెచ్చిన ఇనుప సిలిండర్ గొట్టంలోకి దూసుకుపోయి తలకు తగిలింది. ఆ బాలుడు బతకలేదు. మరుసటి ఏడు అమెరికన్ రేడియాలజీ కళాశాల తొలి భద్రతా పత్రం వెలువరించింది. ఎంఆర్‌ఐ ఆవరణను నాలుగు మండలాలుగా విడదీసి, మూడో మండలం గడప దగ్గరి నుంచి లోపలికి ఎవరు వెళ్లినా శిక్షణ పొందిన ఎంఆర్ సిబ్బంది కనుసన్నల్లోనే ఉండాలన్నది. ఆ మాటతో తలుపు అధికారం రాతపూర్వకంగా టెక్నాలజిస్టు చేతికి వచ్చింది. తొందరలో ఉన్న సర్జన్‌నైనా, పోలీసునైనా, మంటలార్పడానికి వచ్చినవాళ్లనైనా ఆపే అధికారం అది.

కాగితం మీది అధికారం వేరు, రద్దీగా ఉన్న ఆసుపత్రిలో దాన్ని నిలుపుకోవడం వేరు. 2014లో నవీ ముంబయిలో ఒక సిలిండర్ యంత్రానికి అతుక్కుపోయి, మధ్యలో ఇద్దరు ఉద్యోగులు గంటల తరబడి చిక్కుకున్నారు. 2018 జనవరిలో ముంబయిలో రోగితో వచ్చిన బంధువు ఒకాయన సిలిండర్ పట్టుకుని గదిలోకి వెళ్లి చనిపోయాడు. యంత్రం ఆపేసి ఉందని సిబ్బందిలో ఒకరు తమకు చెప్పారని కుటుంబసభ్యులు ఆరోపించారు. మన ఆసుపత్రుల్లో స్ట్రెచర్ నెట్టేది, సిలిండర్ మోసేది తరచు రోగి బంధువులే. విదేశీ నియమావళులు ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇక్కడ తలుపు దగ్గర ఆపవలసినవాళ్లలో చాలామందికి ఆ నియమాల సంగతే తెలియదు. అయస్కాంతం లాగని అల్యూమినియం సిలిండర్లు, చక్రాల కుర్చీలు విడిగా ఉంచుకోవడం ఒక దారి. బయటి స్ట్రెచర్‌ను గడప దాటనివ్వకపోవడం ఇంకొకటి. రెండూ ఖర్చుతోనూ మొండితనంతోనూ కూడిన పనులు.

శరీరం లోపలి లోహం మరో అధ్యాయం. 2005లో అమెరికన్ ప్రమాణాల సంస్థ వస్తువులను మూడు గుర్తులతో విడదీసింది: సురక్షితం అంటే ఆకుపచ్చ చతురస్రం, షరతులతో సరే అంటే పసుపు త్రిభుజం, వద్దంటే ఎర్ర వలయం. అంతవరకు పేస్‌మేకర్ అంటే పరీక్ష లేదని తిప్పి పంపడమే. 2011లో అమెరికాలో షరతులతో అనుమతించిన తొలి పేస్‌మేకర్ వచ్చాక, రోగి కార్డు చూసి, పరికరం నమూనా కనుక్కుని, తయారీదారు పెట్టిన షరతులు చదివి, క్షేత్రబలం, రేడియో శక్తి పరిమితి ఆ ప్రకారం పెట్టుకోవడం టెక్నాలజిస్టు నేర్చుకోవలసి వచ్చింది. కార్డు పోగొట్టుకున్న రోగి వస్తే పాత ఆపరేషన్ కాగితాల కోసం వేట మొదలవుతుంది. 1988లో అమెరికాలో అనుమతి పొందిన గాడోలినియం కాంట్రాస్ట్ మందు కూడా ఇలాంటి మలుపే తిరిగింది. చాలాకాలం దాన్ని నిరపాయకరమనే అనుకున్నారు. మూత్రపిండాలు బాగా చెడిన కొందరిలో చర్మమూ కీళ్లూ గట్టిపడే జబ్బుకు దానితో సంబంధముందని 2006లో బయటపడ్డాక, సూది వేసేముందు మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు అడగడం పరీక్షకు ముందు రోగిని అడిగే ప్రశ్నపత్రంలోకి ఎక్కింది.

ఇంత పెరిగిన పనికి ప్రత్యేక అర్హత ఆలస్యంగానే వచ్చింది. అమెరికా రిజిస్ట్రీ ఎంఆర్‌ఐకి విడి పరీక్షను 1995లో మొదలుపెట్టింది, అంటే యంత్రాలు మార్కెట్లోకి వచ్చి పదేళ్లు దాటాక. భారతదేశంలో అణుశక్తి నియంత్రణ మండలి ఎక్స్‌రే, సీటీ గదులకు లైసెన్సు ఇస్తుంది, ఎవరు నడపాలో చెబుతుంది. ఎంఆర్‌ఐలో ఎక్స్‌రేల వంటి రేడియేషన్ లేదు గనుక అది ఆ మండలి పరిధిలోకి రాదు. రేడియేషన్ లేదన్న సుగుణమే ఇక్కడ అజమాయిషీ లేకపోవడానికి కారణమైంది. తెలుగు రాష్ట్రాల్లో పారామెడికల్ బోర్డుల కింద ఇంటర్ తరువాతి మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా, ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద బీఎస్సీ ఈ పనికి దారులు. రెండిట్లోనూ ఎక్స్‌రే, సీటీలతో కలిపి ఎంఆర్‌ఐ ఒక భాగం. అసలు నేర్పు సీనియర్ పక్కన నిలబడి రాత్రి డ్యూటీల్లో వచ్చేదే. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసి, రేడియాలజీ, ఇమేజింగ్ వృత్తిని గుర్తింపు పొందిన వర్గాల్లో చేర్చింది. రాష్ట్ర మండళ్లు, రిజిస్టర్లు దాని కింద ఏర్పడవలసినవి. ఈలోగా గల్ఫ్ దేశాలకూ బ్రిటన్‌కూ వెళ్లే తెలుగు టెక్నాలజిస్టులు అక్కడి లైసెన్సు నియమాలకు తగినట్టు తమ అర్హతను రుజువు చేసుకుంటున్నారు.

యంత్రం వైపు మార్పు మరోలా సాగింది. 1980ల నడుమ జర్మనీలో గోటింగెన్ బృందం ఫ్లాష్ పద్ధతితో, ఫ్రైబుర్గ్‌లో యుర్గెన్ హెన్నిగ్ రేర్ పద్ధతితో నిమిషాల పనిని బాగా కుదించారు. 1990ల చివర అనేక కాయిళ్లు ఒకేసారి సంకేతం పట్టే పారలల్ ఇమేజింగ్ వచ్చి సమయాన్ని మళ్లీ తగ్గించింది. ఆ తరువాత పొరల కోణాన్ని యంత్రమే మెదడు ఆకారం చూసి పెట్టడం, ఇటీవల తక్కువ సంకేతం నుంచి కృత్రిమ మేధతో శుభ్రమైన బొమ్మ అల్లడం మామూలయ్యాయి. వివరం, సంకేతం, సమయం మధ్య బేరం చాలావరకు ఇప్పుడు సాఫ్ట్‌వేరే ఆడుతోంది. దీని ఫలం రోగికి అందింది, టెక్నాలజిస్టుకు మాత్రం విశ్రాంతి దొరకలేదు. ఒక్కో పరీక్ష కుదించుకుపోతే రోజుకు ఎక్కువ పరీక్షలు పెట్టారు. నిమిషాలు తగ్గింది స్కానులోనే. ప్రశ్నలడగడం, నగలు తీయించడం, భయం తీర్చడం, లేపి కూర్చోబెట్టడం పట్టే సమయం తగ్గలేదు. వరుసలో రోగులు పెరిగినకొద్దీ తలుపు దగ్గర తొందరా పెరిగింది.

గత కొన్నేళ్లలో పని రెండుగా చీలడం మొదలైంది. అనుభవజ్ఞుడైన ఒక టెక్నాలజిస్టు ఎక్కడో ఒకచోట కూర్చుని, నెట్‌వర్క్ ద్వారా వేర్వేరు ఊళ్లలోని కన్సోళ్లను నడపడం లేదా అక్కడివారికి దారి చూపడం సాధ్యమైంది. గుండె పరీక్షల వంటి కష్టమైనవి తెలిసినవాళ్లు తక్కువగా ఉన్న చోట్ల ఇది ఉపయోగపడుతోంది. యంత్రం పక్కన ఉన్నవారికి మిగిలేది రోగీ, తలుపూ. మరోవైపు 2020లో అమెరికాలో 0.064 టెస్లా చక్రాల ఎంఆర్‌ఐకి అనుమతి వచ్చింది. శాశ్వత అయస్కాంతం కాబట్టి హీలియం లేదు, రాగి గది అక్కరలేదు, మామూలు ప్లగ్గుతో నడుస్తుంది, ఐసీయూలో రోగి మంచం దగ్గరికే నెట్టుకెళ్లవచ్చు. బొమ్మలో వివరం పెద్ద యంత్రానికి సాటిరాదు, కాని కదిలించలేని రోగి మెదడులో రక్తస్రావం ఉందో లేదో చూడటానికి పనికొస్తుంది. దీనికి గడప లేదు కాబట్టి ప్రశ్నపత్రం మంచం దగ్గరికే వస్తుంది. చుట్టూ ఉన్న పంపులు, కత్తెర్లు, సిలిండర్లు ఎంత దూరంలో ఉండాలో యంత్రం నెట్టుకొచ్చిన మనిషే చూసుకోవాలి.